నెత్తిలోకి పోయే చెయ్యి

పదేళ్ళ పిల్ల నెత్తిలో రూపాయి బిళ్ళంత బోడి కనబడితే కర్నూలు, కడప పల్లెల్లో మొదట వచ్చే మాట పేనుకొరుకుడు. అవ్వ గురివింద గింజ అరగదీసి పూస్తుంది. పక్కింటామె ఉల్లిగడ్డ కోసి రుద్దమంటుంది. నెల తిరిగేసరికి మొదటి బోడి పక్కన ఇంకొకటి లేస్తుంది. అప్పుడు టౌనులో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. పేనుకొరుకుడు అయితే ఆ మచ్చ నున్నగా ఉంటుంది. ఈ పిల్ల తలలో అట్లా ఉండదు. వెంట్రుకలు కొన్ని పొట్టి, కొన్ని పొడుగు. కొన్ని సగంలో తెగినవి, కొన్ని అప్పుడే మొలుస్తున్నవి. తెలిసిన డాక్టరైతే కోప్పడొద్దని తల్లికి ముందే చెప్పి, పిల్లను మెల్లగా అడుగుతారు. తానే పీక్కుంటున్నానని ఆ పిల్ల నోరు విప్పడానికి ఒక్కోసారి రెండు మూడు సార్లు పోవాల్సి వస్తుంది.

సంగతి బయటపడిన రోజు నుంచి ఇంట్లో రెండు గొంతులు లేస్తాయి. "చెయ్యి దించు మ్మే, ఇంకోసారి నెత్తిలో పెట్టినావంటే ఇరగ్గొడతా" అంటుంది ఒకటి. "పోనీలేమ్మా, చిన్నపిల్ల. పెద్దమనిషయితే అదే పోతాది" అంటుంది ఇంకొకటి. చాలా ఇళ్ళలో మొదటిది తల్లిది, రెండోది జేజిది. ముప్పై ఏళ్ళు గడిచి తల్లీ జేజీ లేని ఇంట్లో కూడా, ఆ పిల్ల తనతో తాను ఈ రెండు గొంతుల్లోనే మాట్లాడుకుంటూ ఉంటుంది: ఎట్లాగైనా మానాలి అని ఒకటి, ఇదీ నాలో ఒక భాగమే, దీనితోనే బతుకుదాం అని ఇంకొకటి. రెండింటిలోనూ ప్రేమ ఉంది, రెండింటిలోనూ ప్రమాదం ఉంది. రెండింటినీ తొందరపడకుండా వినాలని ఇది రాస్తున్నాను.

వెంట్రుకలు పీక్కోవడం, మొటిమనో పుండు పక్కునో గిల్లుకోవడం, వేలి పక్క తోలు లాక్కోవడం, గోళ్ళు కొరుక్కోవడం, పెదవినీ బుగ్గనూ లోపలి నుంచి నమలడం, వీటన్నింటినీ వైద్యులు ఇప్పుడు ఒకే కుటుంబంగా చూస్తున్నారు. వెంట్రుకలు పీక్కునే జబ్బుకు ట్రైకోటిల్లోమేనియా అని 1889లో ఫ్రాన్సు చర్మవైద్యుడు హాలోపో పేరు పెట్టాడు. చర్మం గిల్లుకోవడాన్ని విడి జబ్బుగా అమెరికా మానసిక వైద్యుల సంఘం గుర్తించింది మాత్రం 2013లోనే. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా రెండింటినీ ఒక గూట్లో, ఓసీడీ అనే మానసిక జబ్బు పక్కన పెట్టింది. పరీక్ష హాల్లో గోరు కొరికే ప్రతి పిల్లవాడూ రోగి కాడు. మానాలని పదేపదే ప్రయత్నించి మానలేకపోవడం, ఒంటికి దెబ్బ తగలడం, మనసు కుంగడమో బతుకు పనులు ఆగడమో జరగడం, ఇవి కూడినప్పుడే జబ్బు అంటారు. వెంట్రుకలు పీక్కోవడంలో ఆ తీవ్రత ఉన్నవాళ్ళు వందకు ఒకరిద్దరు ఉంటారని విదేశీ సర్వేల అంచనా. ఎక్కువగా పది నుంచి పదమూడేళ్ళ మధ్య మొదలవుతుంది. అంటే పెద్దమనిషయితే పోతుందని జేజి చెప్పే ఆ వయసే చాలామందికి ఇది మొదలయ్యే వయసు.

చికిత్సకు వచ్చే పెద్దవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. నిజంగా వాళ్ళకే ఎక్కువ వస్తుందా, మగవాళ్ళది ఎవరూ గమనించరా అన్నది ఆలోచించాలి. మా సీమలో మగవాడి చెయ్యి మీసం మీద ఉండటం గౌరవం. వాడు కూర్చున్నచోట గడ్డం వెంట్రుకలు ఒక్కొక్కటే లాగుతుంటే ఆలోచనలో ఉన్నాడంటారు. అదే అక్క చెయ్యి జడలోకి పోతే ఇంటిల్లిపాదీ అరుస్తారు.

ఈ పని రెండు రకాలుగా జరుగుతుంది. పుస్తకం చదువుతూనో, టీవీ ముందో, నంద్యాల బస్సులో కిటికీ పక్కనో చెయ్యి తనకు తెలియకుండానే పైకి పోతుంది. ఒళ్ళో వెంట్రుకలు చూసుకున్నాకే తెలుస్తుంది. ఇంకో రకం తెలిసి చేసేది. వేళ్ళు ఒక మందపాటి వెంట్రుకను, గరుకుగా వంకీ తిరిగినదాన్ని వెతుకుతాయి. అది దొరికేదాకా నిలవలేరు, ఊడి వచ్చిన క్షణం ఒక హాయి, వెనకనే సిగ్గు. తనను తాను గాయపరుచుకోవాలనే కోరిక ఇందులో లేదు. నాకు బొటనవేలి పక్క తోలు లాక్కునే అలవాటు ఉంది కాబట్టి ఆ హాయి సంగతి నమ్మకంగా చెప్పగలను. ఆ హాయి లేనట్టు మాట్లాడే సలహా ఎంత మంచిదైనా ఈ అలవాటు ఉన్నవాళ్ళ చెవికెక్కదు.

మానాలనే వైపు ముందు వింటాను, ఎందుకంటే అటువైపు ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటుంది. పీకిన వెంట్రుకను కొందరు పెదవికి రాసుకుంటారు, కొందరు కుదురు కొరుకుతారు, కొందరు మింగుతారు. వెంట్రుక కడుపులో అరగదు. ఏళ్ళ తరబడి పోగై ఉండ కడుతుంది; దాని కొన తోకలాగా పేగులోకి దిగితే రాపుంజెల్ సిండ్రోమ్ అంటారు, 1968 నుంచి వైద్య పత్రికల్లో ఉన్న పేరు. ఆకలి చచ్చిపోవడం, వాంతులు, పొట్ట పైభాగంలో చేతికి తగిలే గడ్డ, రక్తం తగ్గడం దీని గుర్తులు. ఉండ పెద్దదయ్యాక ఎక్కువగా ఆపరేషనే దారి. మన దేశం నుంచి ఇలాంటి కేసులు సర్జన్లు చాలాసార్లు ప్రచురించారు, అందులో ఎక్కువమంది చిన్న వయసు ఆడపిల్లలు. కాబట్టి పిల్ల పీక్కుంటుందని తెలిసినప్పుడు తల్లి అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎందుకు పీక్కుంటున్నావు" కాదు, "పీకినాక ఏం చేస్తావు తల్లీ" అన్నది.

ఇక చర్మం సంగతి. ఎండకు, పొడిగాలికి, చెప్పుల్లేని నడకకు మా వైపు మడమలు పగలడం మామూలే. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళ పనిలో ఉన్నవాళ్ళ అరచేతులు కాయలు కాసి ఉంటాయి. రాత్రి మంచం మీద కూర్చొని ఆ పగుళ్ళ తోలు ఒలుచుకోవడం ఎవరికీ జబ్బుగా తోచదు, చాలామందిలో అది జబ్బు కాదు కూడా. షుగరు ఉన్న మనిషి అదే పని చేస్తే మాత్రం ఒలిచిన చోట పుండు పడి మానకపోవచ్చు, కాలి వేలు తీసేయాల్సినంత దాకా పోవచ్చు. తలలో ఒకే చోట ఏళ్ళ తరబడి పీకితే కుదుళ్ళు దెబ్బతిని వెంట్రుక తిరిగి రాకపోవచ్చు, వచ్చినా రంగూ గరుకుదనమూ మారి రావచ్చు. వేళ్ళు వెతికేదే గరుకు వెంట్రుకను. పీకిన చోటే మళ్ళీ పీకడం అట్లా సాగుతుంది.

కంటికి కనబడే నష్టం కంటే పెద్దది ఇంకొకటి ఉంది. పీక్కునే అమ్మాయి తల దువ్వించుకోవడానికి ఎవరినీ దగ్గరికి రానివ్వదు. సీమంతంలో పూలజడ వేస్తామంటే ఒంట్లో బాగాలేదనే వంకతో లేచిపోతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజు డాబా మీదికి రాదు. ముందు వరుసలో కూర్చోదు, ఎందుకంటే వెనక ఉన్నవాళ్ళకు నడినెత్తి కనబడుతుంది. రోజులో ఎన్ని గంటలు పీకడానికి పోతాయో, దాన్ని దాచడానికి ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పోవచ్చు. ఇంత కోల్పోతున్న మనిషికి "పోనీలే, అట్లనే బతుకు" అని చెప్పడం దయ అనిపించుకోదు.

మానడానికి దారి లేదా అంటే, ఉంది. 1973లో అమెరికాలో నాథన్ ఏజ్రిన్, గ్రెగరీ నన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక పద్ధతి ప్రచురించారు. అలవాటు మళ్ళింపు అనుకోవచ్చు. ముందు గమనించడం: చెయ్యి ఎప్పుడు లేస్తుంది, ఏ గదిలో, ఏ పనిలో, లేవడానికి ముందు ఒంట్లో ఏం తోస్తుంది. తర్వాత ఆ కోరిక పుట్టిన క్షణాన చేతికి ఇంకో పని: పిడికిలి బిగించి నిమిషమో రెండు మూడు నిమిషాలో ఉంచడం, కోరిక అల తగ్గేదాకా. మూడోది ఇంట్లో ఒక మనిషి తోడు, గుర్తు చేయడానికీ మెచ్చుకోవడానికీ. దీనికి తోడు పరిసరాలు మార్చుకుంటారు: గోళ్ళు కత్తిరించడం, చదివేటప్పుడు తలకు గుడ్డ, వేళ్ళకు ప్లాస్టర్, అద్దం ముందు ఎక్కువసేపు నిలబడకపోవడం. ఇప్పటికీ ఈ జబ్బులో అన్నింటికంటే గట్టి ఆధారం ఉన్న చికిత్స ఇదే.

దీనికి కావలసిన సరంజామా మన ఇళ్ళలో ఉంది. మట్టిగాజులు నిండుగా వేసుకున్న చెయ్యి పైకి లేస్తే చప్పుడవుతుంది. తెలియకుండా పోయే చేతిని తెలిసేలా చేయడానికి విదేశాల్లో వణికే యంత్రపు కంకణాలు అమ్ముతున్నారు. మణికట్టుకు కట్టిన తాయెత్తు దారం చెంపకు తగిలి కూడా అదే పని చేయగలదు. వేళ్ళకు పని కావాలంటే ఆదోని పత్తి దేశంలో వత్తులు చేయడం ఉంది, వేరుశనగ బుడ్డలు ఒలవడం ఉంది, జపమాల ఉంది, తస్బీహ్ ఉంది. గరుకును తడమాలనే వేళ్ళకు బుడ్డల తొక్కు నిజంగా పనికొస్తుంది. 2023లో జర్మనీ పరిశోధకుడు స్టెఫెన్ మోరిట్జ్ బృందం ఇంకా సులువైనది పరీక్షించింది: వేలి కొనలను ఒకదానితో ఒకటి మెత్తగా రుద్దుకోవడం, అరచేతినో ముంజేతి వెనకనో తేలిగ్గా నిమరడం, రోజుకు కనీసం రెండుసార్లు సాధన. 268 మందిలో ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్ళలో ఆరు వారాలకు 53 శాతం మందికి గుణం కనిపించింది, ఇంకా నేర్పనివాళ్ళలో 20 శాతానికి. డాక్టరు లేకుండా, ఖర్చు లేకుండా ఇంట్లో చేసుకునేది ఇది.

మందుల్లో ఎన్-ఎసిటైల్ సిస్టీన్ గురించి చెప్పాలి. కఫం కరగడానికీ, పారాసిటమాల్ ఎక్కువ మింగినవాళ్ళకు విరుగుడుగానూ ఆసుపత్రుల్లో వాడే మందే. 2009లో జాన్ గ్రాంట్ బృందం వెంట్రుకలు పీక్కునే 50 మంది పెద్దవాళ్ళకు 12 వారాల పరీక్ష చేస్తే మందు వేసుకున్నవాళ్ళలో 56 శాతానికి బాగా తగ్గింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 16 శాతానికి. 2023లో అదే పరిశోధకుడి ఇంకో పరీక్షలో మెమాంటిన్ అనే మందు కూడా మంచి ఫలితం చూపింది. రెండూ డాక్టరును అడిగి వాడాల్సినవే.

ఇప్పుడు రెండో వైపు, దీనితోనే బతుకుదాం అనేవాళ్ళ వైపు. ఇక్కడి వాదం బద్ధకస్తుల వాదం అనుకుంటే పొరపాటు. పైన చెప్పిన లెక్కల్నే వాళ్ళు తిరగేసి చదువుతారు. 53 శాతానికి గుణమంటే 47 శాతానికి లేదు. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ పిల్లల మీద పరీక్షించినప్పుడు, 2013లో, ఉత్తుత్తి మాత్రకు మించిన లాభం కనబడలేదు. మనోవైద్యులు ఎక్కువగా రాసే ఫ్లూయాక్సెటిన్ తరగతి మందులు దిగులుకు, ఆందోళనకు పనికొస్తాయి గానీ పీకడాన్ని తగ్గించడంలో 2003 నాటి డచ్చి పరీక్షలో ఫ్లూయాక్సెటిన్ లాభం చూపలేదు. అదే పరీక్షలో ప్రవర్తన చికిత్స బాగా పనిచేసింది. కానీ రెండేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే మొదట వచ్చిన లాభంలో చాలా భాగం కరిగిపోయింది. తగ్గడం, తిరగబెట్టడం, మళ్ళీ తగ్గడం ఈ జబ్బు స్వభావం. దీన్ని పూర్తిగా వదిలించుకోవాలని పంతం పట్టిన మనిషి తిరగబెట్టిన ప్రతిసారినీ తన చేతకానితనంగా లెక్క రాసుకుంటుంది. ఆ దిగులు మళ్ళీ చేతిని పైకి లేపుతుంది.

మానిపించే పేరుతో ఇళ్ళలో ఏం జరుగుతుందో కూడా వాళ్ళు గుర్తు చేస్తారు. వేళ్ళకు వేపాకు రసం, కాకరకాయ రసం, ఒక్కోచోట మిరపపొడి. గోళ్ళు కొరికితే దరిద్రం పడుతుందని భయం పెట్టడం. వచ్చిన చుట్టానికల్లా పిల్ల నెత్తి వంచి చూపించడం. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని పిల్ల ముందే అనడం. వేపాకు చేదు గోళ్ళు కొరికే చిన్నపిల్లలకు కొంత గుర్తుచేయవచ్చు. మిరపపొడి హింస. ఇక రోజంతా పిల్ల చేతి మీద పెట్టిన కళ్ళు ఉన్నాయే, వాటి వల్ల ఆ పిల్ల పీక్కోవడం మానదు, ఎవరూ చూడని చోటు వెతుక్కోవడం నేర్చుకుంటుంది. స్నానాల గదిలో గొళ్ళెం పడుతుంది. ఇంట్లో ఇంత యుద్ధం నడవడం కంటే నెత్తిన నాలుగు బోడి మచ్చలుంటే నష్టమేముందని వాళ్ళు అడిగే ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు.

వైద్యం అందుబాటులో లేకపోవడం కూడా వాళ్ళ వాదంలో ఒక భాగం. కర్నూలు పెద్దాసుపత్రి మా పాత రెండు జిల్లాలకే కాదు, చుట్టుపక్కల చాలా దూరానికి దిక్కు. 1956లో పెట్టిన వైద్య కళాశాల దానిది. కడపలో 2006 నుంచి రిమ్స్ ఆసుపత్రి ఉంది. రెండు చోట్లా మానసిక వైద్యులు చూస్తారు. కానీ అలవాటు మళ్ళింపు మందుచీటీతో అయ్యేది కాదు, వారానికొకసారి గంటసేపు కూర్చొని చేయించాల్సింది. ఓపీ గుంపులో ఏ డాక్టరుకూ అంత తీరిక ఉండదు. శిక్షణ ఉన్న సైకాలజిస్టు కోసం ఎక్కువగా హైదరాబాదుకో, బెంగళూరు నిమ్హాన్స్‌కో పోవాలి. కర్నూలు నుంచి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. కూలి వదులుకొని, తోడొక మనిషిని తీసుకొని ప్రతి వారం ఎవరు పోగలరు? 1980లలో నిమ్హాన్స్ వాళ్ళు ఆదోనికి పొరుగున ఉన్న బళ్ళారి జిల్లాలో పల్లె ఆరోగ్య కేంద్రాల ద్వారా మానసిక వైద్యం నడిపి చూపించారు, 1996లో మొదలైన దేశవ్యాప్త జిల్లా మానసిక ఆరోగ్య పథకానికి అదే నమూనా. మూర్ఛ, తీవ్రమైన పిచ్చి వంటి పెద్ద జబ్బులకు దానివల్ల మేలు జరిగింది. వెంట్రుకలు పీక్కునే పిల్ల ఆ పథకం కంటికి ఆనలేదు. పైగా మానసిక వైద్యుడి దగ్గరికి పోయిందంటే, హైదరాబాదు మానసిక ఆసుపత్రి పేరు తగిలించి "ఎర్రగడ్డ కేసు" అనే నోళ్ళు ఇంకా ఉన్నాయి.

ఈ రెండు వైపుల మధ్య మా వైపు ఎప్పటినుంచో ఒక మూడో దారి ఉంది, తలనీలాలు. తిరుపతి కొండ మెట్టు ఎక్కడానికి కడప వాళ్ళకు మూడు నాలుగు గంటల ప్రయాణం. దేవుని కడపను తిరుమలకు గడప అంటారు. మొక్కు తీర్చుకొని గుండుతో తిరిగొచ్చిన ఆడవాళ్ళను చూసి ఇక్కడ ఎవరూ వింతపడరు. "కొండకు పోయొచ్చినట్టుంది" అనుకుంటారు, అంతే. పీక్కునే పిల్లకు దీనివల్ల దొరికేది చాలా పెద్దది: మచ్చలు మాయమవుతాయి, దాచే పని ఆగుతుంది, వేళ్ళకు పట్టు దొరకదు, అన్నింటికీ మించి ఆ బోడితలకు ఊరంతా గౌరవమిచ్చే ఒక కారణం ఉంటుంది. ప్రపంచంలో చాలాచోట్ల ఈ జబ్బు ఉన్న ఆడవాళ్ళు గుండు చేయించుకుంటే దానికి జవాబు చెప్పుకోవాలి. మా సీమలో చెప్పుకోనక్కరలేదు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను.

అయితే వెంట్రుక అర అంగుళం మొలిచాక చెయ్యి మళ్ళీ లేవవచ్చు. గుండులో పీకడం ఆగుతుంది, కోరిక ఆగదు. కొందరిలో అది కనుబొమలకో, రెప్పలకో మళ్ళుతుంది. అప్పుడు ఇంట్లో అనే మాట ఇంకా బరువు: "దేవునికిచ్చినా నీకు బుద్ధి రాలేదు." జబ్బు తిరగబెట్టడం అట్లా మొక్కు తప్పడంగా మారుతుంది. కడప పెద్ద దర్గాకు, గండి ఆంజనేయస్వామి దగ్గరికి పిల్లను తీసుకుపోయేవాళ్ళకు కూడా ఇదే చెప్పాలనిపిస్తుంది. అక్కడ పిల్లకు తిట్లు లేని ఒక పూట దొరుకుతుంది, తల్లికి మనసు కుదుటపడుతుంది, అది చిన్నది కాదు. కానీ తగ్గితే దేవుని దయ, తగ్గకపోతే పిల్ల పాపం అన్న లెక్క మాత్రం పెట్టకూడదు. గుండు పిల్ల అడిగితేనే చేయించాలి. నిద్రలో కత్తిరించడం, శిక్షగా గొరిగించడం మొక్కు కిందికి రావు.

నేను ఎటు? మూడు చోట్ల నేను మానాలనే వైపే గట్టిగా నిలబడతాను: వెంట్రుక మింగుతున్నప్పుడు, గిల్లిన చోట చీము పడుతున్నప్పుడు, షుగరు ఉన్న కాలు విషయంలో. అక్కడ స్వేచ్ఛ, అంగీకారం అని మాట్లాడుతూ కూర్చుంటే ఆలస్యం అవుతుంది. పెద్దాసుపత్రికి పోవాలి. ఊళ్ళో ఎవరికీ తెలియకుండా ముందు మాట్లాడాలంటే 2022 అక్టోబరు నుంచి టెలిమానస్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

మిగతా అన్ని చోట్లా, మానడం అనే గమ్యం పెట్టే హక్కు ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళదే అనుకుంటాను. పదేళ్ళ పిల్లదైనా సరే. ఇది మెతకతనం కాదు. అలవాటు మళ్ళింపు మొదటి మెట్టు గమనించడం. తన చేతిని తాను గమనించాలనే ఇష్టం లేని మనిషి చేత దాన్ని ఎవరూ చేయించలేరు. ఇంటివాళ్ళు చేయగలిగింది ఆ ఇష్టం పుట్టడానికి చోటివ్వడం. "మానేశావా" అని అడగడం ఆపి "ఈ వారం ఏ పూట ఎక్కువ కష్టమైంది" అని అడిగితే ఆ తల్లి తోడు మనిషి అవుతుంది, లేకపోతే కాపలా మనిషిగానే ఉండిపోతుంది. నాకు తోలు లాక్కోవడం తగ్గిన రోజుల్లో నా చుట్టూ నన్ను చూసీ చూడనట్టు వదిలేసినవాళ్ళున్నారు, చేతికి వత్తుల పత్తి అందించినవాళ్ళున్నారు. తిట్టినవాళ్ళ వల్ల తగ్గిన రోజు ఒక్కటీ గుర్తు లేదు.

కలిసి బతకాలనే వాళ్ళతో నాకు పేచీ ఒక్క చోటే. వాళ్ళలో చాలామంది ఒక్కసారి కూడా సరైన పద్ధతిలో ప్రయత్నించకుండానే ఆ నిర్ణయానికి వచ్చి ఉంటారు. చేతులు కట్టేసుకోవడం, ఒట్టు పెట్టుకోవడం, జనవరి ఒకటిన ప్రతిజ్ఞ చేయడం ప్రయత్నం కింద లెక్క కాదు, ఎందుకంటే అందులో గమనించడం లేదు, చేతికి బదులు పని లేదు. నలభై దాటిన ఒకామెను ఊహించుకోండి. ఇరవై ఐదేళ్ళుగా కొంగు నెత్తిన కప్పుకొని, కనుబొమలు పెన్సిల్‌తో దిద్దుకొని, బడి ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని పెంచింది. ఇక నాతో నేను కొట్లాడను అంటుంది. ఆమె మాట నాకు పూర్తిగా అర్థమవుతుంది, ఆ శాంతి ఆమె కష్టపడి తెచ్చుకున్నది. అయినా వేలి కొనలు రుద్దుకునే ఆ ఆరు వారాల సాధన గురించి ఆమెకు ఒక్కరైనా చెప్పి ఉండాలి. విన్నాక వద్దంటే, ఆ వద్దు ఆమె ఎంపిక. వినకుండా ఉండిపోతే, ఆమె ఎంచుకోవడానికి ఆమె ముందు ఒక్క దారే పెట్టామన్నమాట.

అట్లాగే మానాలనేవాళ్ళు ఫలితాన్ని రెండే గడుల్లో రాయడం మానుకోవాలి. రోజుకు వంద వెంట్రుకలు పీకే అమ్మాయి పదికి వస్తే వాళ్ళ లెక్కలో ఇంకా మానలేదు. ఆ పదిలోనూ మింగడం ఆగి, మచ్చ నిండి, కనకాంబరాలు పెట్టుకోవడానికి జడ అల్లేంత వెంట్రుకలు వస్తే, ఆ అమ్మాయి బతుకులో చాలావరకు పని జరిగిపోయినట్టే. తిరగబెట్టినప్పుడు మొదటికి వచ్చామని ఏడవాల్సిన పని లేదు. చెయ్యి ఎప్పుడు లేస్తుందో ఆమెకు ఇప్పటికే తెలుసు.

చివరికి ఈ చర్చ అంతా మా వైపు ఇళ్ళలో పెళ్ళిచూపుల దగ్గరికి వచ్చి నిలుస్తుంది. ముందే చెప్పాలా వద్దా? చెప్పొద్దనేవాళ్ళ కారణం నాకు తెలుసు. ఒక్క సంబంధం వెనక్కి పోతే కారణం ఊరంతా తెలుస్తుంది, చెల్లెలి పెళ్ళికీ అదే అడ్డం వస్తుంది. మగపిల్లవాడి తాగుడు గురించి ఏ ఇల్లూ ముందే చెప్పదు, మా పిల్ల నాలుగు వెంట్రుకలు పీక్కుంటే ఎందుకు చెప్పాలి అని అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. చెప్పాలనేవాళ్ళ కారణం ఇంకా బరువైనదని నా నమ్మకం. కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య, కొంగు జారకుండా ఏళ్ళ తరబడి దాచడంలో ఉండే ఒత్తిడే ఈ జబ్బుకు మేత. చూపులనాడు పదిమంది ముందు చెప్పనక్కరలేదు. మాట కుదిరాక, లగ్నాలు పెట్టుకోకముందే, అమ్మాయే ఆ అబ్బాయికి ఫోనులో చెప్పవచ్చు: "నాకు టెన్షన్లో వెంట్రుకలు పీక్కునే అలవాటుంది, దానికి ఒక పద్ధతి నేర్చుకుంటున్నాను, నా పక్కన కూర్చొని చెయ్యి లేచినప్పుడు చెయ్యి పట్టుకునే మనిషి కావాలి." ఆ మాట విని వెనక్కి పోయేవాడు పోతాడు. అమ్మాయి నాయనకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. అయినా ఆ ఫోను ఆమె చేతికే ఇవ్వాలి.